ఆడపిల్లలు ఆడిన చెరువు

ఈమధ్య ఏలూరులో మా ఇంటికి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. కొత్తగా వ్యాయామ ఉపాధ్యాయుల ఉద్యోగాలు వచ్చాయట. చేతిలో స్వీట్ల డబ్బా, మెడలో తళతళలాడే కొత్త విజిళ్ళు. "మేడమ్, మీ అనుభవం నుంచి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నాలుగు మాటలతో ఊరుకునే మనిషినైతే ముప్ఫై రెండేళ్ళు పీఈటీగా ఎలా బతుకుతాను? మధ్యాహ్నం భోజనం పెట్టి మరీ సాయంత్రం దాకా చెప్పాను. పాపం, బస్సు తప్పిపోయింది వాళ్ళకి. ఆ చెప్పిందే ఇక్కడ కొంచెం కుదురుగా రాస్తున్నాను.

ప్రమోషన్ల సంగతి రాయను. నాకు వచ్చినవీ తక్కువే, వాటివల్ల నేర్చుకున్నదీ తక్కువే. ఒక పెద్ద పోటీ గురించి, ఒక చెరువు గురించి, నేను చేసిన ఒక బుద్ధితక్కువ పని గురించి రాస్తాను.

అసలు ఈ ఉద్యోగం ఏమిటంటే

మాది పెంటపాడు దగ్గర పల్లెటూరు. ఇంట్లో వ్యవసాయం. నేను వ్యాయామ కళాశాలలో చేరతానంటే మా మేనత్త బుగ్గలు నొక్కుకుంది. "ఆడపిల్లవి, నిక్కరేసుకుని గెంతుతావంటే? హవ్వ!" అంది. గెంతాను. ఆవిడే తర్వాత నా మొదటి జీతం రోజున వీధంతా తిరిగి చెప్పుకుంది.

బడిలో పీఈటీ అంటే అందరికీ ఒకటే లెక్క. పొద్దున ప్రార్థనలో వరసలు సరిచేసే మనిషి. ఎవరైనా మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసులో కూర్చునే మనిషి. ఆటల పిరియడంటే సిలబస్ మిగిలిపోయిన లెక్కల మాస్టారికి ధారపోసేది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి ఏడాది మొహమాటపడి ఇవన్నీ ఒప్పుకుంటారు. ఒప్పుకోకండి. నేను ఒప్పుకుని మూడేళ్ళు పోగొట్టుకున్నాను. నాలుగో ఏడు లెక్కల మాస్టారు నా పిరియడ్ అడగడానికి వస్తే, "అలాగేనండీ, తీసుకోండి. మరి మీ పిరియడ్ నాకివ్వండి, పిల్లల్ని పరిగెత్తిస్తాను" అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

పట్నంలో పెద్ద ఆటలు

నా మొదటి పోస్టింగు తాడేపల్లిగూడెం పక్క ఊళ్ళో. అప్పట్లో ఒక పట్నంలో జాతీయ స్థాయి పోటీలు పెట్టారు. ఏ పట్నమో చెప్పను, అక్కడివాళ్ళు బాధపడతారు. మమ్మల్ని డ్యూటీకి పిలిచారు. పదకొండు రోజులు జెండా పట్టుకుని నిలబడ్డాను. ఎంత సందడి! సిమెంటు గ్యాలరీలు, స్తంభాలకి దీపాలు, రంగురంగుల ట్రాక్‌సూట్లలో ఎక్కడెక్కడి పిల్లలో. ఆఖరి రోజు బాణసంచా కాలుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఇంత మంచి స్టేడియం వచ్చింది కదా, ఇక ఈ ఊరి పిల్లల అదృష్టమే అదృష్టం అనుకున్నాను.

కొన్నేళ్ళకి పెళ్ళికని ఆ ఊరు వెళ్ళి, చూడాలనిపించి అటు నడిచాను. గేటుకి తాళం. గ్యాలరీ మెట్లమీద ఎవరో వడియాలు ఎండబెట్టుకున్నారు. లోపల మోకాలెత్తు గడ్డి. కాపలా ఉన్న పెద్దాయన్ని, "పిల్లలెవరూ ఆడుకోరా బాబాయ్?" అని అడిగాను.

"ఆడితే పాడైపోద్దండీ," అన్నాడాయన.

ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆడితే పాడైపోతుందట! అప్పటినుంచి ఎవరు ఎంత పెద్ద పోటీ పెడతామన్నా నేను ఒకటే అడుగుతాను: పోటీ అయిపోయిన మర్నాడు పొద్దున ఇక్కడ ఎవరు ఆడతారు? దానికి జవాబు చెప్పలేని పోటీ ఎంత ఘనంగా జరిగినా నా లెక్కలో తిరునాళ్ళ కిందే జమ. మీరూ అడగండి. మీమీద కోపాలొస్తాయి, రానివ్వండి.

రూతు భుజాలు

తర్వాత నాకు కలిదిండి వైపు బదిలీ అయింది. చుట్టూ చేపల చెరువులు. రోడ్డుకి అటు గట్టు, ఇటు గట్టు. బడికి నాలుగు గదులు, వెనక పల్లపు నేల. వాన పడితే అందులో కప్పలు ఆడాలి తప్ప పిల్లలు ఆడే వీలు లేదు. మా జట్టు పిల్లలు ప్రాక్టీసుకి పక్క ఊరు గ్రౌండుకి నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్ళేవారు. తిరిగొచ్చేసరికి చీకటి పడేది.

ఎనిమిదో తరగతిలో రూతు అని ఒక పిల్ల ఉండేది. నాన్న ఏసేబు, సుబ్బరాజుగారి చెరువుకి కాపలా. గట్టు మీదే పాక. ఆ పిల్ల బడికి రాకముందు, బడి అయ్యాక, నాన్నతో పడవెక్కి, చేపల మేతకి బరువైన తవుడు గోతాలు చెరువులో గుంజలకి కట్టేది. ఓసారి ప్రార్థన వరసలో ఒక పెద్దపిల్ల కళ్ళు తిరిగి పడబోతే, రూతు ఒంటిచేత్తో నడుం పట్టుకుని ఆపేసింది. ఆ పట్టు చూసి నా ప్రాణం లేచొచ్చింది. కబడ్డీలో పదేళ్ళు నేర్పినా రాని పట్టు అది.

ఏసేబు దగ్గరికి వెళ్ళాను. మాట మెత్తన, మనిషి గట్టి.

"పిల్లని ఆటకి పంపవయ్యా."

"ఎక్కడాడతాదండీ?"

"పక్క ఊరు గ్రౌండులో."

"చీకటి పడ్డాక ఆ గట్లెంట ఎలాగొత్తాదండీ? పాములండీ, అదండీ, ఇదండీ. ఊళ్ళో ఆడిత్తే చెప్పండి, పంపుతానండి. పంపనంటల్లేదండీ."

అందులో తప్పేముంది? ఊళ్ళో గ్రౌండు లేకపోవడం నా తప్పూ కాదు, ఆయన తప్పూ కాదు. కానీ ఆ పిల్ల చదువు పదో తరగతితో ఆగిపోతే ఆ పట్టు తవుడు గోతాలకే సరిపోతుంది. నాకు రెండేళ్ళే టైము. ఎలాగైనా ఊళ్ళో గ్రౌండు రావాలి.

అందుకే ఆ ఏడు రాష్ట్రస్థాయి బాలికల కబడ్డీ పోటీలు ఎక్కడ పెట్టాలని మీటింగులో చర్చ వస్తే, లేచి నిలబడి "మా ఊళ్ళో" అన్నాను. పక్కనున్నావిడ నా చీర కొంగు పట్టుకుని లాగింది. పోటీలు వస్తే గ్రౌండు వస్తుందని నా లెక్క. పెద్దలు కూడా "తప్పకుండా, స్టేడియమే కట్టిద్దాం" అన్నారు. శంకుస్థాపన రాయి కూడా వేశారు. ఆ రాయి ఇప్పటికీ ఉంది. మా బడి ఆయా దానిమీద ఎండుచేపలు ఆరబెడుతుంది.

చెరువు అడుగున

బడి వెనక పల్లానికి మట్టి తోలించి, రోలరు తొక్కించి, గ్రౌండు సిద్ధం చేశాం. పోటీలకి పన్నెండు రోజుల ముందు అకాల వర్షం. ఒక పూట కురిసిందో లేదో, కొత్త మట్టి మొత్తం పాయసమైపోయింది. దాంట్లోకి దిగిన హెడ్మాస్టారి చెప్పులు ఇంతవరకూ దొరకలేదు.

మా హెడ్మాస్టారి గురించి ఒక మాట చెప్పాలి. భయస్తుడు. కాగితం లేకపోతే గాలి కూడా పీల్చడు. "ఏవండీ టీచరుగారూ, కాన్సిలని రాసిచ్చేద్దామండీ, పరువుతో పోతుంది" అని రోజుకి నాలుగుసార్లు అనేవారు. నేను వినిపించుకోలేదు. బండి వేసుకుని గట్లమ్మట తిరిగాను.

సుబ్బరాజుగారి అయిదెకరాల చెరువు దగ్గర ఆగిపోయాను. చేప పట్టుబడి అయిపోయి, నీళ్ళు తోడేసి చెరువు ఎండగట్టారు. ఏటా అలాగే చేస్తారు. అడుగు ఎండితే మళ్ళీ నీళ్ళు పెట్టి చేపపిల్లని వదులుతారు. చదునైన అడుగు. చుట్టూ నిలువెత్తు గట్టు. ఆ గట్టు మీద వెయ్యిమంది కూర్చుని కిందకి చూడచ్చు. పట్నంలో సిమెంటుతో కట్టిన గ్యాలరీ ఇక్కడ చేపలకోసం ఎప్పుడో కట్టేశారు!

రాజుగారు భారీ మనిషి. మాట మాత్రం వెన్న. నా మాట విని కాసేపు నవ్వారు.

"చెరువులో కబడ్డీయా అండీ? మా చేపలేమనుకుంటాయండీ?"

"ఇప్పుడు లేవు కదండీ."

"అదీ నిజమేననుకోండి." గట్టు చుట్టూ చూసి అన్నారు, "మొత్తం రాష్ట్రం వచ్చి నా చెరువులో కూర్చుంటుందన్నమాట. కానివ్వండి. ఒకటే మాటండీ. కాలువకి ఆఖరి వంతు వస్తుంది. ఆ వంతుకి నేను నీళ్ళు పెట్టేసుకోవాలి."

మా వైపు దాళ్వా రోజుల్లో, అంటే రెండో పంటకి, కాలువ నీళ్ళు వంతులవారీగా వదులుతారు. ఆఖరి వంతు దాటితే కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్ దాకా చుక్క రాదు. చెరువు రెండు నెలలు ఖాళీ. పోటీలు మూడు రోజులు, వంతు నాలుగో రోజు పొద్దున. సరిపోతుందనుకున్నాను.

ఇక చూడాలి సంబరం. నేల దున్ని, ఎండబెట్టి, చదును చేశారు. ఎటూ చెరువులో చల్లాల్సిన సున్నంతోనే గీతలు గీశాం. నీచు వాసన పోవడానికి ఊరి ఆడవాళ్ళు ఎక్కడికక్కడ వేపాకు పొగ వేశారు. హోటళ్ళు లేని ఊరు కదా, జట్లన్నీ ఇళ్ళల్లోనే దిగాయి. అనంతపురం పిల్లలు రాజుగారింట్లో. మొదటిరోజు చేపల పులుసు చూసి భయపడ్డ పిల్లలు, రెండో రోజు ముల్లు తీయడం నేర్చుకుని పళ్ళెం ముందు పోటీ పెట్టుకున్నారు.

తూము

ఇప్పుడు నా బుద్ధితక్కువ పని.

ప్రారంభానికి రావలసిన ముఖ్య అతిథి అయిదు గంటలు ఆలస్యంగా వచ్చారు. అంతసేపూ పిల్లలు ఎండలో నిలబడే ఉన్నారు. మొదటిరోజు ఆటలు రెండో రోజుకి, రెండో రోజువి మూడో రోజుకి జరిగాయి. ఫైనలు నాలుగో రోజు పొద్దున పెట్టక తప్పలేదు. వెంటనే రాజుగారిని కలిసి అడిగాను. "పొద్దున తొమ్మిదికల్లా కానిచ్చేయండి, ఆ తర్వాత తూము ఎత్తుకుంటాను. వంతు మధ్యాహ్నం దాకా ఉంటుంది" అన్నారు. మైకులో చెప్పాను. జట్లకి చెప్పాను. వంటవాళ్ళకి, టెంటు వాళ్ళకి, పాస్టరుగారికి, పూజారిగారికి, పాలు పోసేవాడికి కూడా చెప్పాను. గాలి ఎక్కువగా ఉందని మూడో రోజు సాయంత్రమే షామియానాలు దింపించేశాను.

ఏసేబుకి చెప్పలేదు. రాజుగారు నేను చెప్పుంటాననుకున్నారు, నేను ఆయన చెప్పుంటారనుకున్నాను.

ఆ మూడు రోజులూ ఏసేబు గణపవరం వైపు రాజుగారి ఇంకో చెరువు పట్టుబడికి వెళ్ళాడు. భార్యా కూతురూ బడిలో వంటల దగ్గర ఉన్నారు. నాలుగో రోజు తెల్లవారుజామున సైకిలు మీద తిరిగొచ్చాడు. షామియానాలు లేవు. కాలువ నిండుగా వస్తోంది. వంతు వచ్చాక తూము ఎత్తకుండా నిలబడే కాపలాదారు మా వైపు పుట్టలేదు. ఎత్తేశాడు.

ఆరున్నరకి నేను వెళ్ళేసరికి నా కోర్టు లేదు. సున్నం గీతల మీదుగా నీళ్ళు, చీలమండ లోతు. తూము దగ్గర ఏసేబు తృప్తిగా బీడీ కాల్చుకుంటున్నాడు.

నా నోరు మంచిది కాదు. నలుగురిలో, బడినుంచి పరిగెత్తుకొచ్చిన వాళ్ళావిడ ముందు, కూతురు ముందు, అనరాని మాటలన్నాను. అతను బీడీ పారేసి లేచి నిలబడ్డాడు.

"మూడ్రోజులన్నారు కదండీ. అయిపోయిందనుకున్నానండీ. నాకెవరూ చెప్పలేదండీ."

అంతే అన్నాడు. అప్పుడు తెలిసొచ్చింది నాకు. జిల్లాలో ఉన్న ప్రతి పెద్దమనిషికీ కార్డు పంచినదాన్ని, తూము చేతిలో ఉన్న మనిషికి మాత్రం ఒక ముక్క చెప్పలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంతకంటే పెద్ద తప్పు చేయలేదు నేను.

ఈలోగా ఊరంతా గట్టెక్కింది. బయటినుంచి వచ్చిన పరిశీలకుడు చేతులు కట్టుకుని, "నీళ్ళలో ఆడించను. ఫైనల్ రద్దు చేయండి, లేదా కప్పు ఇద్దరికీ పంచండి" అన్నాడు. అందరూ రాజుగారి వైపు చూశారు. సంగతి అందరికీ తెలుసు. నీళ్ళు ఉంచుకుంటే ఆయన పంట నిలుస్తుంది, ఆట పోతుంది. తోడేస్తే ఆరబెట్టి ఆడేసరికి సాయంత్రమవుతుంది, మధ్యాహ్నానికి వంతు కిందివాళ్ళకి మారిపోతుంది, రెండు నెలలు చెరువు ఖాళీ. నేను అడగలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని అడగను?

రాజుగారు అన్నారు: "మా ఇంట్లో పిల్లలు దిగారండీ. రాత్రి మా అమ్మ వాళ్ళ మోకాళ్ళకి కొబ్బరినూనె రాసింది. ఇప్పుడింటికెళ్ళి, చేపలకోసం మీ ఆట ఆపేశానమ్మా అని చెప్పనా?" వెనక్కి తిరిగి కేకేశారు, "ఒరేయ్ ఏసేబూ, తూము దించరా. ఇంజన్లు పట్టండర్రా!"

ఎక్కడెక్కడి చెరువుల మోటార్లు, ఆయిల్ ఇంజన్లు ట్రాక్టర్లమీద వచ్చాయి. గంటలో ఇరవై పైపులు మురుగుకాలువలోకి నీళ్ళు చిమ్ముతున్నాయి. నీళ్ళు తగ్గాక గట్టుమీది పొడిమట్టి ఇనప గమేళాలతో అందించుకుంటూ కోర్టు మీద పోశారు. దానిమీద తాడేపల్లిగూడెం వైపు రైసు మిల్లు నుంచి వచ్చిన రెండు లారీల ఊక. గమేళాల వరసలో ఎవరున్నారో తెలుసా? కాగితం లేకుండా గాలి పీల్చని మా హెడ్మాస్టారు. పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, "అందుకోండమ్మా, అందుకోండి, ఆలస్యమవుతోంది" అని అరుస్తున్నారు. బాస్ ఎలాంటివాడో ఆఫీసు గదిలో చూసి తేల్చేయకండి. బురదలో చూడండి.

నాలుగు గంటలకి పరిశీలకుడు వచ్చి కోర్టు తొక్కి చూశాడు. నమ్మకం కుదరలేదు. బూట్లు విప్పాడు. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ ఒక్కడే గీత దాకా పరిగెత్తి, వెనక్కి తిరిగి, కావాలనే ఒకసారి పడి చూశాడు. లేచి వెనక ఊక దులుపుకుంటూ, "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. గట్టు మీద జనం వేసిన ఈలలు పక్క ఊరికి వినిపించాయంటారు.

కప్పు ఎవరిచ్చారు

మా జిల్లా జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోయింది. అనంతపురం పిల్లలు గెలిచారు. రాజుగారి అమ్మగారు మాత్రం తన జట్టే గెలిచిందని అందరికీ చెప్పుకున్నారు. పిల్లల జడల్లో, కనుబొమల్లో ఊక. ఒకరినొకరు చూసుకుని నవ్వాపుకోలేకపోయారు.

బహుమతులివ్వాల్సిన పెద్దలు పొద్దున్నే రద్దయిందనుకుని వెళ్ళిపోయారు. వేదిక మీద కుర్చీలు ఖాళీ. మైకు తీసుకుని, "పొద్దున ఏసేబుగారిని నేను అనరాని మాటలన్నాను. తప్పు ఆయనది కాదు, నాది. అందరిముందూ అన్నాను కాబట్టి అందరిముందే క్షమించమంటున్నాను. కప్పు ఆయన చేతులమీదుగా ఇప్పించాలని నా కోరిక" అన్నాను. హెడ్మాస్టారు "ప్రోటోకాల్ అండీ..." అని మొదలుపెట్టి, తన కాళ్ళకున్న బురద చూసుకుని ఊరుకున్నారు. ఏసేబు తువ్వాలుతో చేతులు నాలుగుసార్లు తుడుచుకుని కప్పు అందుకున్నాడు. రూతు గట్టుమీద నిలబడి అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది.

దిగుతూ నా దగ్గర ఆగాడు. "టీచరుగారండీ, ఈ రెండ్నెల్లూ చెరువెలాగూ ఖాళీయే కదండీ. గీతలున్నాయి. మా పాక ముందే. మా పిల్ల ఆడుకోవచ్చాండీ?"

ఇంకేం కావాలండీ నాకు! "రేపు పొద్దున అయిదున్నరకి" అన్నాను.

పోటీ అయిపోయిన మర్నాడు పొద్దున ఇక్కడ ఎవరు ఆడతారు? రూతు ఆడింది. ఇంకో పద్దెనిమిదిమంది ఆడారు.

చేప పెరిగింది

జూన్‌లో కాలువ వచ్చింది. రాజుగారు నీళ్ళు పెట్టారు. గట్టుమీద నిలబడి మా గీతలు మునిగిపోవడం చూశాను. స్టేడియం సంగతి అడిగితే అందరూ ఆ రాయి చూపించేవారు. ఇక అయిపోయింది, రెండు నెలల ముచ్చటే అనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆ రోజు అన్నం సహించలేదు.

మరుసటి ఏడు రాజుగారి చెరువు పట్టారు. ఆ చేప చూడడానికి జనం వచ్చారు. అంత బరువు ఆ చుట్టుపక్కల ఎవరికీ రాలేదట. రెండు నెలలు బాగా ఎండి, దున్ని, గాలి తగిలిన అడుగు మరి. చేప పెరగక ఏంచేస్తుంది? కానీ ఊళ్ళో అలా అనుకోలేదు. వారం తిరక్కుండా, మొహం కూడా తెలియని ఇంకో చెరువు ఆసామి బడికి వచ్చాడు.

"ఏవండీ, ఈ ఏడు మా చెరువులో ఆడించండి. మాది రాజుగారిదానికంటే పెద్దదండీ."

"మీ చెరువులో ఎందుకండీ?"

"ఆడపిల్లలాడిన చెరువులో చేప బాగా పెరుగుద్దంట కదండీ!"

నేను నవ్వలేదు. ఎలా ఆపుకున్నానో ఆ దేవుడికే తెలుసు. "అవునండీ," అన్నాను చాలా గంభీరంగా, "కానీ రెండు నెలలకి తగ్గకుండా ఆడాలి."

ఆ పైఏడు ముగ్గురొచ్చారు. తర్వాత వంతులు వేయాల్సొచ్చింది, కాలువ నీళ్ళకి వేసినట్టే. "మా చెరువుని మర్చిపోయారేంటండీ" అని అలిగినవాళ్ళున్నారు. ఎండగట్టడం వల్ల పెరిగిందనీ, కబడ్డీ వల్ల కాదనీ నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇది చదివాక మీరూ చెప్పకండి. మీకు దణ్ణం పెడతాను.

పెద్ద పోటీలు పెడితే ఏం మిగులుతుందని వ్యాసాలు రాస్తుంటారు. కట్టడాలంటారు, పేరంటారు. మా ఊళ్ళో ఒక రాయి మిగిలింది, ఒక నమ్మకం మిగిలింది. రాయివల్ల ఎండుచేపలు తప్ప ఇంకేం రాలేదు. ఆ నమ్మకం మాత్రం ఏటా ఒక చెరువు ఇస్తోంది, దాని గట్టుమీద ఊరంతా కూర్చుంటోంది. కొత్త పీఈటీలూ, పోటీలు పెట్టండి. కాకపోతే ఊరివాళ్ళకి తమదిగా అనిపించే సంగతి ఒకటి అందులో ఉండేలా చూసుకోండి. అదేమిటో ముందుగా మీకు తెలియదు, నాకూ తెలియలేదు.

కార్డు

ఆ తప్పు తర్వాత నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఏటా చెరువు ఆటలకి అచ్చువేసిన ఆహ్వానాల్లో మొదటి కార్డు తూము దగ్గరి మనిషికి. చెరువు ఆసామికి కాదు, హెడ్మాస్టారికి కాదు, కాపలాదారుకి. నేనే పాక దాకా వెళ్ళి, పేరు రాసి, చేతికిచ్చి, "తూము జాగ్రత్త" అని చెప్పి వచ్చేదాన్ని. నేను రిటైరయ్యేదాకా ఏ ఏడూ తప్పలేదు.

రూతు రాష్ట్ర జట్టుకి ఆడింది. డిగ్రీ చదివి, వ్యాయామ కళాశాలలో చేరింది. ఇప్పుడు మా బడిలోనే, నా కుర్చీలోనే, పీఈటీ. ఏసేబు పెద్దవాడైపోయాడు, కూతురు ఊళ్ళో ఇల్లు కట్టింది గానీ, ఆ పాకనీ గట్టునీ వదల్లేదు. ఈ ఏడు వంతు తిరిగి తిరిగి మళ్ళీ రాజుగారి చెరువుకే వచ్చింది.

మొన్న రూతు ఏలూరు వచ్చింది. వాకిట్లో బండి ఆపి, హెల్మెట్ తీయకుండానే "మేడమ్!" అని కేక. చేతిలో కార్డు. మీద చక్కగా నా పేరు. నాకు ఎంత గర్వమనిపించిందో! నా కళ్ళజోడు తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూశాను.

"మొదటి కార్డు నాకే తెచ్చావటే?" అన్నాను.

ఆ పిల్ల నాలిక కరుచుకుంది. "కాదండీ. మీది రెండోదండీ."

"ఏమిటీ? ఉద్యోగం నేర్పినదాన్ని, నాకు రెండోదా? మొదటిది ఎవరికిచ్చావ్?"

"మా నాన్నకిచ్చానండీ. ఇంట్లో ఇస్తే బాగోదని పాక దగ్గరికెళ్ళి, గట్టుమీద నిలబెట్టి ఇచ్చానండీ."

"మరి మీ నాన్నేమన్నాడు?"

"తువ్వాలుతో చేతులు తుడుచుకుని తీసుకున్నారండీ. తూము పలకకి తాళం వేసి, ఆ తాళంచెవి నాకిచ్చేశారండీ. 'ఆట అయ్యాక ఇద్దువుగానిలేమ్మా, ఈసారి నాకు చెప్పడం మర్చిపోయినా ఫర్వాలేదు' అన్నారండీ."

రూతు మెడలో విజిల్ తాడుకే కట్టి ఉంది ఆ తాళంచెవి. దాన్ని పట్టుకుని చూస్తూ నవ్వుతూనే ఉన్నాను. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తడిసిపోయింది. తుడుచుకుని, ఆటలు మొదలయ్యే ఆదివారం పొద్దున అయిదున్నరకల్లా గట్టుమీద ఉంటానని చెప్పి పంపాను.